దీవి గ్రిడ్‌కి కరెంట్ ఇచ్చే చిన్న డీజిల్ పవర్ హౌస్‌లో షిఫ్ట్ ఎలా నడపాలి: కొత్తగా చేరే తమ్ముళ్లకి

పోయిన నెల ఇక్కడ అండమాన్‌లో వైజాగ్ షిప్ దిగిన కుర్రాడొకడు, టెక్కలి వైపు వాడు, ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేశాడు, వారం రోజులు నాతో షిఫ్ట్‌లో తిరిగి "అన్నా, స్టార్ట్ చేయడం ఆపడం వచ్చేసింది, ఇంకేటుంది ఇందులో" అన్నాడు. వాడి తప్పు కాదు, పైకి చూస్తే అలాగే ఉంటది, తాళం తిప్పితే ఇంజిన్ లేస్తది, బటన్ నొక్కితే బ్రేకర్ (జనరేటర్‌ని గ్రిడ్‌కి కలిపే పెద్ద స్విచ్) పడి కలుస్తది, మిగతా ఏడున్నర గంటలు టీలు. వాడికి నాలుగు షిఫ్ట్‌ల్లో చెప్పినవే ఇక్కడ రాసి పెడుతున్నా, మన వైపు నుంచి ఇంకా చాలామంది వస్తున్నారు కాబట్టి అందరికీ పనికొస్తది.

నేను చెప్పేది 1000 కిలోవాట్ల సెట్లు (ఒక ఇంజిన్, దాని జనరేటర్ కలిపితే ఒక సెట్) నాలుగు ఉన్న పవర్ హౌస్ లెక్కలో. 1500 ఆర్పీఎం ఇంజిన్, 415 వోల్ట్ల జనరేటర్, అక్కడ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కి 11 కేవీ, తర్వాత 33 కేవీ లైన్ మీద దక్షిణ అండమాన్ గ్రిడ్‌లో కలుస్తది. మీ దగ్గర సెట్లు చిన్నవైనా పెద్దవైనా పద్ధతి ఇదే. మీటర్ల మీద ఎర్ర గీతలు, ట్రిప్ సెట్టింగులు (మెషిన్ తనంతట తానే ఆగిపోయే హద్దులు) మాత్రం మీ మెషిన్ మాన్యువల్‌లో ఉన్నవే పాటించండి, నావి కాదు.

ముందు ఎక్కడున్నావో తెలుసుకో

శ్రీకాకుళంలోనో కరీంనగర్‌లోనో కరెంట్ అంటే ఎక్కడి నుంచో వచ్చేది. 2013 డిసెంబర్ 31న రాయచూర్-సోలాపూర్ లైన్ కలిసాక దేశమంతా ఒకటే గ్రిడ్ అయిపోయింది, 2024 మే 30న దాని పీక్, అంటే ఒకేసారి వాడిన అతి ఎక్కువ లోడ్, 250 గిగావాట్లు తాకింది. అంత దాంట్లో ఒక మెగావాట్ సెట్ పడిపోతే చెరువులోంచి చెంబుడు నీళ్లు తీసినట్టు, ఎవరికీ తెలీదు. ఇక్కడ పీక్‌లో కూడా కొన్ని పదుల మెగావాట్లే, అంటే చెంబులోంచి గ్లాసుడు తీసినట్టు. అదీ కాక అండమాన్ మొత్తానికి కూడా ఒకటే గ్రిడ్ లేదు, దీవికో లెక్క, ఉత్తరాన డిగ్లిపూర్ దగ్గర కల్పాంగ్‌లో 5.25 మెగావాట్ల హైడల్ ఉంది గానీ అది మాకు సాయం రాదు. 2012 జూలై 30, 31 తారీకుల్లో ఉత్తరాది అంతా చీకట్లో ఉంటే మాకు ఇక్కడ రెప్పపాటు కూడా లేదు, ఎందుకంటే మన తీగ సముద్రం దాటదు. అలాగే మన ఇంజిన్ నిలబడిపోతే అవతలి ఒడ్డు నుంచి ఎవడూ చెయ్యి అందించడు.

అందుకని ఇక్కడ చూసుకోవాల్సింది ఎంత కరెంట్ ఇస్తున్నామన్నది ఒక్కటే కాదు, ఇంకా ఎంత ఇవ్వగలం అన్నది. దాన్నే నాకు పని నేర్పిన మా ఉస్తాద్ "ఖాళీ" అనేవాడు. షిఫ్ట్‌కి రాగానే ఆయన మొదటి ప్రశ్న "లోడ్ ఎంత" కాదు, "ఖాళీ ఎంత" అని. నడుస్తున్న సెట్లలో పెద్దది ఇప్పుడే ట్రిప్ అయితే మిగతావి ఆ లోడ్ మోయగలవా? మోయలేకపోతే ఏ ఫీడర్ (ఊళ్లోకి కరెంట్ మోసే లైన్) ముందు పోద్ది? ఈ రెండింటికీ జవాబు లేకుండా కుర్చీలో కూర్చోకు.

ఛార్జ్ తీసుకోవడం

ముందు షిఫ్ట్ వాడు బ్యాగ్ భుజానికి తగిలించుకుని "అంతా ఓకే అన్నా" అంటాడు. అంతా ఓకే అన్న మాట లాగ్ షీట్‌లో ఎక్కడా ఉండదు. వాడిని ఇంకో పది నిమిషాలు ఆపి ఇద్దరూ కలిసి ఒక రౌండ్ కొట్టండి. ఏ సెట్ నడుస్తోంది, ఏది స్టాండ్‌బై, ఏది పనిలో ఉంది, పనిలో ఉన్నదాని మీద పర్మిట్ ఎవరి పేరున ఉంది, ఏ రిలే ఫ్లాగ్ (ఏ రక్షణ రిలే కొట్టిందో చూపే గుర్తు) పడింది, సర్వీస్‌కి ఇంకా ఎన్ని గంటలుంది. మన వైపు లైన్‌మెన్లు ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకున్నాం అంటారే, కరెంట్ తీసేశాం, పని చేసుకోండి అని ఇచ్చే కాగితం, అదే ఈ పర్మిట్. పర్మిట్ ఎత్తకుండా ఏ బ్రేకరూ ముట్టుకోకూడదు, ఫోన్‌లో "పని అయిపోయింది వేసేయ్ అన్నా" అని ఎవడన్నా అన్నా సరే. పర్మిట్ తీసుకున్న మనిషే వచ్చి సంతకం పెట్టాలి. తీగ మీదున్నోడి ప్రాణం ఆ కాగితంలో ఉంది, ఇందులో మొహమాటం లేదు.

తర్వాత డీజిల్. ఇది చాలామంది చిన్నచూపు చూస్తారు. ఒక లీటరుకి మూడున్నర నుంచి నాలుగు యూనిట్లు వస్తాయనుకో. 750 కిలోవాట్ల మీద నడిచే సెట్ గంటకి 200 లీటర్లు తాగుద్ది. ఇంజిన్‌కి డీజిల్ ఇచ్చే చిన్న ట్యాంక్, అదే డే ట్యాంక్, 990 లీటర్లది, నిండుగా ఉన్నా అయిదు గంటలు రాదు. అంటే పెద్ద ట్యాంక్ నుంచి దాన్ని నింపే ట్రాన్స్‌ఫర్ పంప్ చెడిపోతే నీకున్న టైమ్ అంతే, షిఫ్ట్ పూర్తిగా గడవదు. కాబట్టి గేజ్ గ్లాస్ చూసి రాయడం కాదు, పంప్ ఆటోలో ఉందా లేదా, ఫ్లోట్ పని చేస్తోందా అని ఒకసారి నడిపి చూడు.

పెద్ద ట్యాంక్‌లోకి దించి డీజిల్ ఎంతుందో చూసే డిప్ కర్ర కొలత తెల్లారే తీసుకోవాలి, ఎండెక్కాక కాదు. డీజిల్ ఒక డిగ్రీకి వెయ్యిలో 0.8 వంతు ఉబ్బుద్ది, 10 వేల లీటర్ల మీద అయిదు డిగ్రీల తేడా వస్తే 40 లీటర్లు ఎక్కువ కనిపిస్తాయి, రాత్రికి అవి మాయం. పాపం ఒక హెల్పర్ మీద ఇలాగే దొంగతనం అనుమానం పడింది ఒకసారి, ఉష్ణోగ్రత రాసుంటే ఆ గొడవే లేదు. డిప్‌తో పాటు టెంపరేచర్, డెన్సిటీ కూడా రాయండి. కర్ర చివర వాటర్ పేస్ట్ రాసి దించితే అడుగున నీళ్లుంటే రంగు మారుద్ది. ఇక్కడ డీజిల్ షిప్‌లో వచ్చి, లారీలో ఎక్కి, చిన్న దీవులకైతే పీపాల్లో పడవ ఎక్కి వస్తది, ఏడాదికి 3 వేల మిల్లీమీటర్ల చుట్టూ పడే వానలో. నీళ్లు రాకుండా ఎలాగుంటాయి? ప్రతి షిఫ్ట్‌లో డే ట్యాంక్ డ్రెయిన్ కాక్ తిప్పి గాజు సీసాలో పట్టు, అడుగున నీటి బుడగ కనిపించినంతసేపూ వదులు. ఈ ఒక్క పని మానేస్తే ఇంజెక్టర్లు పోతాయి, అవి రావడానికి మళ్లీ షిప్పే.

స్టార్ట్ చేసే ముందు

కొంచెం బోరే గానీ చదవండి. ఆయిల్ డిప్‌స్టిక్, రేడియేటర్ నీళ్లు (ఇంజిన్ చల్లగా ఉంటేనే మూత తియ్యాలి, వేడి మీద తీసి మొహం కాల్చుకున్నవాళ్లు ఉన్నారు), బెల్టులు, ఎయిర్ ఫిల్టర్ ఇండికేటర్, 24 వోల్ట్ల బ్యాటరీ, కింద ఎక్కడన్నా మరకలు. జాకెట్ హీటర్ (ఆగి ఉన్న ఇంజిన్ నీళ్లని వెచ్చగా ఉంచేది) పని చేస్తుంటే బ్లాక్ పక్కన చెయ్యి పెడితే వెచ్చగా తెలుస్తది, చల్లగా ఉంటే ఆ సెట్ స్టాండ్‌బై అని బోర్డు మీద రాసుకున్నా స్టాండ్‌బై కాదు, చల్లటి ఇంజిన్ మీద ఒకేసారి లోడ్ పెట్టలేవు. పెద్ద మీడియం స్పీడ్ ఇంజిన్లున్న చోట బ్యాటరీ బదులు కంప్రెసర్ గాలి, 25-30 బార్, ముందు ఆయిల్ ప్రైమింగ్, చేత్తోనో గేర్‌తోనో ఒక చుట్టు తిప్పి చూడటం ఉంటాయి. చెవుల్లో మఫ్స్ పెట్టుకోండి. నాకు కుడి చెవి ఇప్పుడు ఫోన్‌కి పనికిరాదు.

చాలా రోజులుగా ఆగి ఉన్న సెట్ అయితే, మరీ వానాకాలంలో, వైండింగ్‌కి మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెట్టకుండా లేపకు. ఉప్పు గాలి, తేమ రెండూ కలిసి ఇన్సులేషన్‌ని తినేస్తాయి. పాత లెక్క ఒకటుంది, కేవీకి ఒకటి కలిపితే వచ్చే మెగాఓమ్‌లు కనీసం ఉండాలి, 415 వోల్ట్లకి ఒకటిన్నర అనుకో. అది కనీసం అని గుర్తుంచుకో, మంచి వైండింగ్ దానికి ఎన్నో రెట్లు చూపిస్తది. మెగ్గర్ పెట్టేటప్పుడు ఏవీఆర్ (జనరేటర్ వోల్టేజీని నిలకడగా ఉంచే కార్డు) వైర్లు విప్పడం మర్చిపోతే ఏవీఆర్‌కి దండం పెట్టుకోవడమే.

స్టార్ట్ అయ్యాక ఆయిల్ ప్రెషర్ కొద్ది సెకన్లలో లేవాలి. లేవకపోతే ఆలోచించకు, ఆపెయ్. లేచాక రెండు మూడు నిమిషాలు లోడ్ లేకుండా తిరగనిచ్చి, ఒక చుట్టు తిరిగి చప్పుడు విని, అప్పుడు ప్యానెల్ దగ్గరికి రా.

సింక్రనైజ్ చేయడం

ఇక్కడే అసలు పని. నీ జనరేటర్, బస్ (అన్ని సెట్లూ, ఫీడర్లూ కలిసే కడ్డీలు) రెండూ నాలుగు విషయాల్లో కలవాలి: వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ (సెకనుకి ఎన్ని సైకిళ్లు), ఫేజ్ వరుస (మూడు ఫేజులు వచ్చే క్రమం), ఫేజ్ కోణం (రెండిటి అలలు ఒకదానికొకటి ఎంత ముందు వెనక ఉన్నాయో). ఫేజ్ వరుస రోజూ మారదు, కానీ కేబుల్ విప్పి బిగించినా, వైండింగ్ పని జరిగినా మళ్లీ చెక్ చేసి తీరాలి. వోల్టేజీ ఏవీఆర్ నాబ్‌తో బస్‌కి సమానం చెయ్యి. ఇక మిగిలింది ఫ్రీక్వెన్సీ, కోణం, ఈ రెండూ చూపించేది సింక్రోస్కోప్ అనే ముల్లు మీటర్.

ముల్లు గడియారం తిరిగే వైపే, నెమ్మదిగా తిరగాలి, ఒక చుట్టుకి పది పదిహేను సెకన్లు. అంటే నీ మెషిన్ బస్ కంటే వెంట్రుకవాసి వేగంగా ఉందని అర్థం. అలా ఉంటే బ్రేకర్ పడగానే లోడ్ తీసుకుంటది, వెనక్కి తిరుగుతుంటే గ్రిడ్ నీ ఇంజిన్‌ని మోటార్‌లా తోస్తది. ముల్లు 12కి అయిదు నిమిషాల ముందు గీత దగ్గరకి రాగానే బటన్ నొక్కు, బ్రేకర్ కదిలేసరికి 12కి వస్తది. రెండు మూడు చుట్లు ఊరికే చూడు, ముల్లు ఒకే వేగంతో తిరుగుతోందా, కుదుపులు లేవా. కుదుపులుంటే గవర్నర్ (డీజిల్ పెంచి తగ్గించి ఇంజిన్ వేగాన్ని పట్టి ఉంచేది) నిలకడ లేకుండా వేటాడుతోందని, అప్పుడు వేయకు. అది ఎక్కడో ఆగిపోయి నిలబడితే కూడా వేయకు, ముల్లే పట్టేసిందేమో తెలీదు. పాత ప్యానెళ్లలో దీపాలుంటాయి, ఆరినప్పుడు వేయాలి అని చెప్తారు, కానీ దీపం ఆరిందంటే కోణం కలిసిందనే కాదు, బల్బ్ మాడినా ఆరుద్ది. రెండూ చూసుకో.

సింక్ చెక్ రిలే అని ఒకటి ఉంటది, కోణం కలవకపోతే అది బ్రేకర్‌ని పడనివ్వదు. దానికి బైపాస్ తాళం కూడా ఉంటది. నా మూడో ఏడు, సాయంత్రం, లోడ్ పెరిగిపోతోంది, ఫోన్ మోగుతోంది, రిలే ఒప్పుకోవడం లేదు, నాకు చిరాకొచ్చి బైపాస్ తిప్పి ముల్లు రెండు గంటల దగ్గర ఉన్నప్పుడు నొక్కేశా. పిడుగు పడ్డట్టు చప్పుడొచ్చింది, కాళ్ల కింద నేల కదిలింది, లైట్లన్నీ ఒకసారి మిటకరించాయి, ఆ సెట్ ట్రిప్, దాంతో పాటు పక్కదీ ట్రిప్. ఉస్తాద్ వచ్చాడు. ఏమీ అనలేదు. టార్చ్ తీసుకుని ఇంజిన్‌కీ జనరేటర్‌కీ మధ్య కప్లింగ్ కవర్ విప్పి, కింద వేలు పెట్టి తీసి నాకు చూపించాడు. వేలి మీద నల్లటి పొడి, కప్లింగ్ రబ్బరు కాటుకలా రాలిపోయింది. ఆ కప్లింగ్ మళ్లీ రావడానికి నెలన్నర పట్టింది, నెలన్నర మా దగ్గర ఖాళీ ఒక మెగావాట్ తక్కువ. ఆ బైపాస్ తాళం అప్పటి నుంచి షిఫ్ట్ ఇంజినీర్ డ్రాయర్‌లోనే.

బ్రేకర్ పడగానే చెయ్యి గవర్నర్ రైజ్ స్విచ్ మీద ఉండాలి. వెంటనే 50, 100 కిలోవాట్లు ఎత్తు. ఊరికే వదిలేస్తే పక్క మెషిన్ కొంచెం ఎగిరినా నీది రివర్స్ పవర్‌లోకి (కరెంట్ ఇవ్వడం మాని తీసుకోవడంలోకి) వెళ్లి రిలే కొట్టేస్తది. తర్వాత నెమ్మదిగా, రెండు మూడు నిమిషాల్లో, మిగతావాటితో సమానానికి తీసుకురా.

లోడ్ పంచుకోవడం, ఖాళీ ఉంచుకోవడం

రెండు చేతులూ వేరు వేరని మనసులో పెట్టుకో. గవర్నర్ తిప్పితే కిలోవాట్లు మారతాయి, ఏవీఆర్ తిప్పితే కేవార్లు (రియాక్టివ్ పవర్, పని చేయదు గానీ తీగలో ఆంపియర్లు పెంచుద్ది) మారతాయి. కొత్తవాళ్లు ఆంపియర్లు ఎక్కువ చూపిస్తున్నాయని డీజిల్ తగ్గించేస్తారు. అసలు గొడవ ఎక్సైటేషన్‌ది, అంటే ఏవీఆర్ జనరేటర్ ఫీల్డ్‌కి ఇచ్చే కరెంట్‌ది. 1000 కిలోవాట్ల సెట్‌కి 0.8 పవర్ ఫ్యాక్టర్ (మొత్తంలో నిజంగా పని చేసే వాటా) మీద ఫుల్ లోడ్‌లో 1740 ఆంపియర్ల దగ్గర ఉంటది. కిలోవాట్లు సమానంగా ఉండి ఒకదాని ఆంపియర్లు ఎక్కువ, పవర్ ఫ్యాక్టర్ 0.7, పక్కదానిది 0.95 అంటే మొదటిదాని ఎక్సైటేషన్ ఎక్కువైందని, దాన్ని దించి రెండోదాన్ని ఎత్తు, కొంచెం కొంచెంగా, రెండూ ఒకేసారి.

ఇక డ్రూప్. 4 శాతం డ్రూప్ అంటే లోడ్ లేకుండా 52 హెర్ట్జ్ దగ్గర తిరిగే మెషిన్ ఫుల్ లోడ్ వచ్చేసరికి 50కి దిగుతది. రెండు హెర్ట్జ్‌కి 1000 కిలోవాట్లు అన్నమాట. ఇప్పుడు గ్రిడ్‌లో ఎక్కడో లోడ్ పెరిగి ఫ్రీక్వెన్సీ 0.2 పడిందనుకో, నువ్వేమీ ముట్టుకోకుండానే నీ సెట్ 100 కిలోవాట్లు అదనంగా తీసుకుంటది. అందరూ ఒకే డ్రూప్ మీద ఉంటే ఎవడి వాటా వాడు మోస్తాడు, అందుకే దీన్ని కెలక్కూడదు. కానీ నువ్వు ముందే 950 మీద నడుపుతుంటే? 50 తీసుకుని ఆగిపోద్ది, మిగతా 50 పక్కవాడి మీద పడతది, వాడూ నిండుగా ఉంటే ఫ్రీక్వెన్సీ ఇంకా జారుద్ది, అక్కడ నుంచి అండర్ ఫ్రీక్వెన్సీ రిలే ఫీడర్లని ఒక్కోటిగా తెంచడం మొదలెడతది. ఉస్తాద్ ఖాళీ ఖాళీ అని ఎందుకు అరిచేవాడో ఈ లెక్క వేసుకున్న రోజు నాకు అర్థమైంది. మూడు సెట్లు 950 చొప్పున నడపడం కంటే నాలుగు 700 చొప్పున నడపడం మేలు, డీజిల్ కొంచెం ఎక్కువే పోద్ది, ఆఫీసులో అడుగుతారు, లెక్క చూపించండి.

అలాగని మరీ ఎక్కువ సెట్లు లేపి ఒక్కోటీ 200, 250 మీద ఈదనివ్వకూడదు. 30 శాతం కంటే తక్కువ లోడ్ మీద గంటల తరబడి నడిస్తే సిలిండర్ వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు, సైలెన్సర్ నుంచి నల్లటి జిడ్డు కారుద్ది, టర్బో మసి పడతది. తప్పనిసరై నడిపితే తర్వాత ఒక గంట 75 శాతం మీద నడిపి కాల్చెయ్యండి.

మా ఇంటావిడ క్వార్టర్స్ నుంచి ఫోన్ చేసి "ఏవండీ, ఫ్యాన్ నెమ్మదైందేటి" అంటది. నవ్వుకుంటాం గానీ నిజంగానే ఫ్రీక్వెన్సీ 49 హెర్ట్జ్ కిందకి వెళ్లినప్పుడే ఆవిడ ఫోన్ వస్తది. పెద్ద గ్రిడ్‌లో 49.90 నుంచి 50.05 మధ్య ఉండాలని గ్రిడ్ కోడ్, ఇక్కడ అంత ముచ్చట లేదు, కానీ ఊళ్లో ఎవరి ఫ్యానూ నీ సంగతి చెప్పకుండా ఉంటే షిఫ్ట్ బాగున్నట్టే.

సాయంత్రం, మబ్బు

గడియారం మన దేశానిదే, సూర్యుడు మాత్రం కాదు. అండమాన్ 92, 93 డిగ్రీల రేఖాంశం మీద ఉంది, నవంబర్, డిసెంబర్‌లో సాయంత్రం అయిదుకే చీకటి. మన ఊళ్లో ఏడింటికి వచ్చే పీక్ ఇక్కడ అయిదుకే మొదలవుద్ది. దానికి సరిగ్గా అదే టైమ్‌కి సోలార్ దిగిపోద్ది. గారచర్మా దగ్గర ఎన్టీపీసీ కంపెనీ సోలార్ 5 మెగావాట్లు, నైవేలీ ఎన్ఎల్‌సీ కంపెనీది 20 మెగావాట్లు, దాని వెనక 8 మెగావాట్ అవర్ బ్యాటరీ, ఇవన్నీ పగలు బాగా ఆదుకుంటాయి, డీజిల్ ఆదా, నేను సోలార్‌కి వ్యతిరేకం కాదు. కానీ సోలార్ దిగడం మొదలయ్యాక డీజిల్ సెట్ లేపుదామనుకుంటే ఆలస్యం. నాలుగుంపావుకే స్టాండ్‌బై స్టార్ట్ చేసి, వేడెక్కించి, నాలుగున్నరకి బస్ మీద పెట్టేయాలి. గ్రిడ్ మొత్తం చూసుకునే కంట్రోల్ రూమ్ వాళ్లు చెప్పేదాకా ఆగకు, అడుగు, "సర్, ఇంకో సెట్ తీసుకోమంటారా" అని నువ్వే ఫోన్ చెయ్యి. చెప్పకుండా నీ అంతట నువ్వు మాత్రం 33 కేవీ మీదకి ఎక్కించకు.

మబ్బు ఇంకో రకం. బయటికి వెళ్లి పశ్చిమం వైపు చూడటం కూడా షిఫ్ట్ పనిలో భాగమే. వాన గోడలా నడిచొస్తుంటే నిమిషాల్లో సోలార్ కూలిపోద్ది, బ్యాటరీ కాసేపు మోస్తది, ఆ కాసేపట్లో నీ సెట్ మీద ఖాళీ ఉండాలి. వాన ఆగాక అన్నీ తిరగబడతాయి, సోలార్ ఒక్కసారి లేచి నీ లోడ్ 200కి పడిపోద్ది. అప్పుడు ఒక సెట్ ఆపాలా వద్దా అని మళ్లీ కంట్రోల్‌తో మాట్లాడుకోవాలి, పది నిమిషాలకోసారి స్టార్ట్ స్టాప్ చేస్తే స్టార్టర్ మోటార్ ఏడుస్తది.

గంట గంటకీ

లాగ్ షీట్ కుర్చీలోంచి రాయకూడదు. పై గంట అంకెలే మళ్లీ రాసేవాళ్లు ఉన్నారు, నేనూ రాశాను, ఒప్పుకుంటా. అంకె కాదు, తేడా చూడాలి. జాకెట్ నీళ్లు ఎప్పుడూ 82 ఉండేది 86కి వచ్చింది, లోడ్ మారలేదు, అంటే రేడియేటర్ మూసుకుపోతోంది లేదా బెల్ట్ జారుతోంది. ఉప్పు, దుమ్ము కలిసి రేడియేటర్ రెక్కల మధ్య గట్టిగా పేరుకుంటది, నెలకోసారన్నా మంచినీళ్లతో, ఫ్యాన్ గాలి పోయే వైపుకి ఎదురుగా కొట్టి కడగాలి. రెండు బ్యాంకుల (ఇంజిన్‌కి రెండు వైపులా ఉన్న సిలిండర్ వరుసల) ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతలు పక్కపక్కన రాసి చూడు, ఎప్పుడూ దగ్గర దగ్గరగా ఉండేవి ఈ రోజు 40 డిగ్రీలు విడిపోయాయంటే ఇంజెక్టరో, టర్బోనో, ఎయిర్ ఫిల్టరో చెప్తోంది. పొగ చూడు: నలుపు అంటే గాలి చాలట్లేదు లేదా లోడ్ ఎక్కువ, నీలం అంటే ఆయిల్ కాలుతోంది, వేడెక్కాక కూడా తెలుపు వస్తుంటే డీజిల్ కాలకుండా పోతోంది లేదా నీళ్లు లోపలికి వెళ్తున్నాయి.

ఆయిల్‌లో నీళ్లు అనుమానం వస్తే ల్యాబ్ రిపోర్ట్ వచ్చేదాకా ఆగక్కర్లేదు, హాట్ ప్లేట్ మీద ఒక చుక్క వెయ్యి, పోపులో ఆవాలు చిటపటలాడినట్టు పేలితే నీళ్లున్నట్టే. ఆ సెట్ ఆపు. ఇంకోటి, వేడి మీద క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింద క్రాంక్ తిరిగే పెట్టె) గొడవతో ట్రిప్ అయిన ఇంజిన్ తలుపు వెంటనే తియ్యకు, లోపల ఆయిల్ ఆవిరి ఉంటది, బయట గాలి తగిలితే పేలుద్ది. 20 నిమిషాలకి తగ్గకుండా చల్లారనియ్యి, ఎవరు తొందర పెట్టినా సరే.

మొత్తం పోయినప్పుడు

ఏదో ఒక రాత్రి అంతా ఆరిపోద్ది. ముందు ఆ నిశ్శబ్దం భయపెడతది, అలవాటు లేని చెవికి అది చప్పుడు కంటే గట్టిగా వినిపిస్తది. రిలే ఫ్లాగులు రీసెట్ చేసే ముందు ఒక ఫోటో తీసుకో, ఫోన్ ఉంది కదా, ఏది ముందు కొట్టిందో తర్వాత ఎవరికీ గుర్తుండదు. తర్వాత అన్ని ఫీడర్లు, 33 కేవీ ఇన్‌కమర్ (గ్రిడ్ లైన్ వచ్చి కలిసే బ్రేకర్) అన్నీ తెరిచెయ్. అన్నీ. తెరవకుండా సెట్ లేపి వేస్తే ఊరంతా ఒకేసారి నీ ఒక్క ఇంజిన్ మీద కూర్చుంటది.

కంట్రోల్‌కి ఫోన్. ఎటు నుంచి లేపుతున్నారో వాళ్లు చెప్పాలి. వాళ్లు మనల్ని లేపమంటే, బస్ చచ్చి ఉందని వోల్ట్‌మీటర్ చూసి ఖాయం చేసుకుని ఒక సెట్ లేపి డెడ్ బస్ మోడ్‌లో వెయ్యి. మొదట మన సొంత ఆగ్జిలరీ, డీజిల్ పంప్, బ్యాటరీ ఛార్జర్, ఫ్యాన్లు. బ్రేకర్లు కదిలేది ఆ డీసీ బ్యాటరీ మీదే, అది దిగిపోతే ఇంక బొమ్మల కొలువే. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్, అది ఎక్కేటప్పుడు ఒక్క గుంజు గుంజుద్ది, భయపడకు. ఆ తర్వాత చిన్న ఫీడర్ ఒకటి, ఆసుపత్రి ఉన్నది అయితే మంచిది. రెండు మూడు నిమిషాలు ఆగు. అరగంట కరెంట్ లేకుండా ఉన్న ఫీడర్ మామూలు లోడ్ మీద రాదు, ప్రతి ఇంట్లో ఫ్రిజ్, మోటార్, ఏసీ అన్నీ ఒకేసారి లేస్తాయి, రెండింతలు చూపించినా ఆశ్చర్యం లేదు, కాసేపటికి అదే దిగుద్ది. అందుకే పెద్ద ఫీడర్ మొదటి సెట్ మీద ఎప్పుడూ వేయకూడదు. రెండో సెట్ సింక్ చేసి, ఖాళీ చూసుకుని, అప్పుడు పెద్దది. ఈలోపు ఫోన్లు వస్తూనే ఉంటాయి, టీ కొట్టు వాడి దగ్గర నుంచి పంచాయతీ ప్రధాన్ దాకా. ఒక హెల్పర్‌ని ఫోన్ దగ్గర కూర్చోబెట్టు, నువ్వు ప్యానెల్ వదలకు.

33 కేవీ కలపడం ఆఖరున. అవతలి వైపు కూడా ఎవరో లేపి ఉండొచ్చు, అప్పుడు అది చచ్చిన లైన్ కాదు, బతికున్న ఇంకో గ్రిడ్. సింక్ చేయకుండా దాన్ని కలిపితే నేను కప్లింగ్ మీద చేసింది ఈసారి ఊరంతటి మీద జరుగుద్ది. లైన్ వోల్టేజీ చూసి, కంట్రోల్ నుంచి మాట తీసుకుని, ఆ మాట టైమ్‌తో సహా పుస్తకంలో రాసుకుని అప్పుడే.

సెట్ ఆపడం

ఆపడం కూడా పద్ధతి ప్రకారమే. ఆపాక మిగిలినవాటి మీద ఖాళీ సరిపోద్దా అని ముందు చూసుకో. లోడ్ నెమ్మదిగా పక్కవాటి మీదకి జరిపి, 50 కిలోవాట్ల దగ్గరకి తెచ్చి బ్రేకర్ తెరువు. వెంటనే ఇంజిన్ ఆపకు, అయిదు నిమిషాలు లోడ్ లేకుండా తిరగనియ్యి, టర్బో ఎర్రగా కాలి ఉంటది, ఆయిల్ ఆగిపోతే బేరింగ్‌లో మాడిపోద్ది. ఆగాక జాకెట్ హీటర్ ఆన్, జనరేటర్ స్పేస్ హీటర్ (వైండింగ్‌కి తేమ పట్టకుండా చూసేది) ఆన్. ఈ రెండోది ప్యానెల్ మీద దీపం వెలిగిందని నమ్మకు, అరగంట ఆగి వెళ్లి జనరేటర్ చివర కవర్ మీద మునివేళ్లు ఆనించి చూడు. వెచ్చదనం ఇంజిన్ వైపు నుంచి కూడా వస్తది కాబట్టి అటు కాదు, ఇటు చివర. మా టెక్కలి కుర్రాడు మొన్న అలాగే పెట్టి చూసి "అన్నా, చల్లగానే ఉంది" అన్నాడు. ఫ్యూజ్ పోయింది. మార్చి, లాగ్‌లో వాడి చేతే రాయించా, టైమ్ 23:40.